అటకెక్కిన ఫిడేలు

మా ఫిడేలు పెట్టె 31 సంవత్సరములు అటకమీద నుండెను. దాని నక్కడికి ఎక్కించిన దినమేదో మాకు జ్ఞాపకము లేదు. వాయింపవద్దని మమ్మెవరును శాసింపలేదు. మా అత్తగారు పాట యన్న చెవి కోసికొనెడివారు. పెండ్లియైన పిమ్మట రెండేండ్లవరకు సాయంకాలమున దీపము పెట్టి, అరగంటసేపు వర్ణములు వాయించుకొనుచుంటిమి. అంతట పెద్దవాడు పుట్టినాడు. పురిటి నెలలో వాయింపలేదు, అది సహజమే. తరువాతి నెలలో పిల్లవానికి జలుబు. ఆపై నెలలో చుట్టములు. దీపము పెట్టు వేళకు సరిగా వాడేడ్చును, పాలు కాచవలెను, కూర తరుగవలెను. ఆ అరగంట నీటిలో ఉప్పువలె కరగిపోయినది. నిందింతమన్నను నిందించుటకు మనిషి దొరకడు.

నిరుడు ఇంటికి సున్నము వేయించునపుడు ఆ పెట్టెను దింపవలసివచ్చెను. తీగెలు త్రుప్పు పట్టి రెండు తెగియున్నవి. కమాను వెండ్రుకలను పురుగులు కొట్టివేయగా నాలుగైదు మాత్రము వ్రేలాడుచున్నవి. చూచి, మూసి, మరల నెక్కించి వేయుడని పనివారితో చెప్పితిమి.

ఈ ముచ్చట నిప్పుడెత్తుటకు కారణమున్నది. గడచిన సంక్రాంతి వెళ్ళిన తరువాత మనుమరాలికి తోడుగా మేము హైదరాబాదునకు పోయితిమి. మా కోడలు పుట్టింట పురుడు పోసికొని, ఐదవ నెలలో బిడ్డతో తిరిగి వచ్చినది. ఆ అమ్మాయి కళాశాలలో చదువుకొను దినములనుండియు తానే పాటలు కట్టి, తానే వరుస కూర్చి, గిటారుమీద పాడుకొనును. పెద్ద సభలు కావు. నలుబది ఏబదిమంది కూర్చుండి వినెడి చిన్న చోట్లు. పెండ్లి నాడు మా బంధువులలో కొందరికిది వింతగా తోచినను, మాకు మాత్రము లోలోపల సంతోషమే కలిగినది. ఇప్పుడా గిటారు నల్లని సంచితో బీరువామీద పరుండియున్నది. దానిపైని పసిబిడ్డ గుడ్డల మూట. చూచినంతనే మాకు మా అటక కన్నులకు గట్టినట్లయ్యెను.

"ఏమ్మా, ఈ మధ్య పాటలేమైనా కట్టావా?" అని అడిగితిమి.

"ఎక్కడండీ అత్తయ్యా! ఇంక అది అయిపోయినట్టే" అని నవ్వినది.

ఆ నవ్వు మేమెరిగినదే. 31 సంవత్సరముల క్రిందట ఎవరైన నడిగినపుడు మేమును అట్లే నవ్వితిమి.

రాత్రులందు బిడ్డను ఊయలలో వేసి ఊపుచు, ఆ అమ్మాయి ఫోనులో సన్నని ధ్వనితో ఒక అమెరికా స్త్రీ పాటలు పెట్టుకొనుచుండెను. జోలపాటలు కాబోలునని మేమనుకొంటిమి. భాష మాకు తెలియనిది కాదు గాని ఆ పలుకుల వడి అందుకొనలేకపోయితిమి. ఎవరీమె యని అడుగగా, "ఆనీ డిఫ్రాంకో అని, అత్తయ్యా. మొదటి నుంచీ వినాలి మీరు. నేను చెప్తాను, ఒక్కొక్కటీ వినండి" అన్నది. ఆ విధముగా రాత్రి పాలకు పాలకు నడుమ, ఒక పరదేశపు గాయని జీవితమును మేము వరుసగా వినుట తటస్థించెను.

ఆనీ డిఫ్రాంకో 1970వ సంవత్సరమున న్యూయార్కు రాష్ట్రములోని బఫెలో నగరమున జన్మించినది. తొమ్మిదవ యేట గిటారు పట్టినది. పదునైదవ యేటనే చట్టరీత్యా తల్లిదండ్రుల సంరక్షణమునుండి విడివడి, తన జీవనమును తానే చూచుకొనసాగినది. 1990లో తన మొదటి పాటల సంపుటమును తానే వెలువరించి, క్యాసెట్టులను కచేరీల యొద్ద అమ్ముకొన్నది. పెద్ద కంపెనీలవారు వచ్చి పిలిచినను పోలేదు. రైటియస్ బేబ్ రికార్డ్స్ అను పేర స్వంత సంస్థను నెలకొల్పి, తన పాటలన్నిటిని దానిద్వారానే ప్రకటించినది. తన పాటకు తానే యజమానురాలు. ఈ మాటను చదువరులగు సోదరీమణులు గుర్తుంచుకొనవలెను. మరల దీనితో పనియున్నది.

ఆ తొలినాటి పాటలు మాకు నచ్చలేదు. ఉన్నమాట చెప్పుటకు సిగ్గేల? ఆమె గిటారును మీటుటకు మారు కొట్టుచున్నట్లుండును. వ్రేళ్ళకు కృత్రిమపు గోళ్ళు అంటించి, అవి ఊడకుండ పట్టీలు చుట్టుకొని వాయించునట. తీగవాద్యములో డప్పు మ్రోగుచున్నట్లు తోచినది. మాకు తలనొప్పి వచ్చినది. కాని విషయములు మాత్రము తేలికపాటివి కావు. గర్భమును నిలుపుకొనని యొక యువతి వైద్యశాలకు పోవుట నామె మొదటి సంపుటములోనే పాడినది. మగవారి చూపులు, యుద్ధములు, ధనికుల అహంకారము, తన ప్రేమలు, తన తప్పులు అన్నియు పాటలే. రమారమి సంవత్సరమునకొక సంపుటము, ఒక్కొక యేట రెండును వచ్చినవి. సంవత్సరమంతయు ఊరూర తిరిగి కచేరీలు. ఎవరో వెనుకనుండి తరుముచున్నట్టి పరుగు. 2005లో మణికట్టుల నరములు వాచి, కొన్ని నెలలు కచేరీలు మానుకొనవలసివచ్చెను. ఆమె నాపగలిగినది ఆ నొప్పి యొక్కటే.

2007 జనవరిలో ఆమెకు ఆడుబిడ్డ కలిగినది. ఆ తరువాత 2008 సెప్టెంబరులో వచ్చిన సంపుటము పేరు "రెడ్ లెటర్ ఇయర్". మన గోడ క్యాలెండరులో పండుగ దినములను ఎఱ్ఱని అంకెలతో అచ్చువేయుదురు గదా, అట్టి ఎఱ్ఱ అక్షరముల సంవత్సరమని దాని భావము. దీనిని మా కోడలు నాలుగవ రాత్రి వినిపించినది.

మేము మొదట వేరొక మనిషి పాడుచున్నదని భ్రమపడితిమి. గొంతు అదియే. గిటారును అదియే. కాని పాటలో చోటున్నది. ఒక చరణమునకును మరియొక దానికిని నడుమ ఊపిరి తీసికొనుటకు తావున్నది. వెనుక బాసు వాద్యము, డోళ్ళు, లోహపు పలకలపై మెత్తని తాడనము, ఇవన్నియు ఆమె గొంతు నాక్రమింపక చుట్టును కూర్చున్న చుట్టములవలె నున్నవి. ఆ సంపుటమును ఆమెతో కలిసి సిద్ధపరచినవాడు బిడ్డ తండ్రియే. ధ్వనిగ్రహణము నందు ఆరితేరినవాడు. వారు 2009లో వివాహమాడిరి. నివాసము న్యూ ఆర్లియన్స్ నగరము. అచ్చట పండుగకును శవయాత్రకును గూడ వీధులలో బాకాల మేళములు వాయించుకొనుచు నడచు ఆచారము కలదు. సంపుటము చివర, మొదటి పాటనే అట్టి మేళములలో పేరొందిన రీబర్త్ బ్రాస్ బ్యాండు వారు మరల ఎత్తుకొందురు. ఆ భాగము వచ్చునప్పటికి మా మనుమరాలు కన్నులు తెరచి, ఏడ్వక, ఊయలలోనుండి ఆ వైపు చూచుచుండెను.

అందు "ల్యాండింగ్ గేర్" అను పాట ఇంకను లోకమునకు రాని బిడ్డకు పలుకు స్వాగతము. "ప్రెజెంట్ ఇన్‌ఫెంట్" అను పాట మాకు మిక్కిలి నాటినది. అద్దములో తన ముఖమును తానే వంకలు పెట్టుచు చూచుకొను స్త్రీ ఒకతె. ఈ వయస్సు వచ్చియు నిదేమి బుద్ధియని తన్ను తానే విసుగుకొనును. అంతలో అందరును ఈ పసిబిడ్డ నీ పోలికయే యనుచున్నారు. బిడ్డ నవ్వుచున్నది. ఆ నవ్వుముఖమున వంక యెన్నుటెట్లు? బిడ్డ ముఖమున వంక లేనపుడు తన ముఖముననుండిన వంక యెక్కడిది? ఇంతియే ఆ పాటలోని ఆలోచన. మన యింట ఆడుపిల్ల పుట్టగానే రంగు చూచి, ముక్కు చూచి, "మేనత్త పోలిక వచ్చింది పాపం" అని పెదవి విరిచెడి పెద్దమ్మలకు దీనిని వినిపింపవలెనని మాకు తోచెను. మేమును ఆ పెద్దమ్మలలో చేరినవారమే. మనుమరాలు పుట్టినపుడు చెవులు తండ్రివైనవని ఒకమాట అననే అంటిమి.

బిడ్డ తన్ను తక్కువ చేయుటయు, ఎక్కువగా నుండుటయు నేర్పినదని, తన గొంతులో ఇంతటి నెమ్మది పూర్వపు సంపుటములలో అంతగా లేదని ఆ దినములలో ఆమె చెప్పినదట. ఇది విని కొందరు పెదవి విరుతురు. సుఖపడినది గనుక పదును పోయినదందురు. పూర్వపు నిప్పు చల్లారినదందురు. మాకట్లు తోచలేదు. ఆ సంపుటములోనే "ది ఆటమ్" అను దీర్ఘమైన పాట కలదు. పరమాణువును చీల్చిన మానవుని అపచారమును గూర్చిన ధ్యానము. ఉయ్యాల ప్రక్కన కూర్చుండి ఇట్టి పాట కట్టిన తల్లి లోకమును మరచినదని యెట్లనుట? నిప్పు చల్లారలేదు, పొయ్యిలోనికి వచ్చి చేరినది. మంటకన్న నిప్పుమీదనే అన్నము బాగుగ నుడుకునని మనకెవరు చెప్పవలెను?

మూడేండ్లకు పైగా గడచిన తరువాత, 2012లో, తరువాతి సంపుటము వచ్చెను. అప్పటివరకు ఆమె కెన్నడును అంత యెడము లేదు. దానికి పేరు పెట్టిన పాట ఆమె స్వంతము కాదు, ఎనుబదియొక యేండ్లనాటిది. దాని కథను మా కోడలు చెప్పుచుండగా మేము పాలసీసా కడుగుట మాని నిలువబడితిమి.

1931లో కెంటకీ రాష్ట్రములోని హార్లన్ మండలమున బొగ్గుగనుల కూలీల సమ్మె జరిగెను. ఫ్లోరెన్సు రీసు అను నామె కూలీసంఘపు నాయకుని భార్య. మగడు దాగియుండగా, ఆయుధములు పట్టిన మనుష్యులు గనుల యజమానుల పక్షమున ఆమె ఇంట చొరబడి, పిల్లలు బెదరిపోవుచుండ ఇల్లెల్ల వెదకి పోయిరి. వారు పోయిన పిదప ఆమె గోడమీది క్యాలెండరు కాగితమును చింపి, దానిమీద ఒక పాట వ్రాసినది. నీవెవరి పక్షము? అని అడిగెడి పాట. వరుస క్రొత్తగా కట్టుటకు తీరిక యేది? చిన్ననాట విన్న పాత వరుసకే మాటలు పొదిగినది. పిల్లలు ఇంట నుండగా, కాగితమైన లేక, భయముతో, ఒక తల్లి వ్రాసిన ఆ పాట తరువాత అమెరికా కూలీలందరి పాట అయినది. దానిని లోకమునకెల్ల తెలియజేసినవారిలో ముఖ్యుడు పీట్ సీగర్. 2012లో డిఫ్రాంకో ఆ పాటకు నేటి కాలమునకు తగిన మాటలు కూర్చి పాడినపుడు, తొంబది దాటిన ఆ సీగర్ బాంజో వాయించినాడు. స్త్రీపురుషుల సమానహక్కులను రాజ్యాంగమున చేర్పవలెనను పాట కూడ ఆ సంపుటములోనే యున్నది. 2013లో ఆమెకు కుమారుడు కలిగినాడు. పిమ్మట 2014, 2017, 2021, 2024లలో ఒక్కొక్క సంపుటము వచ్చినవి. ఏటేట వచ్చెడివి మూడేండ్లకును నాలుగేండ్లకును వచ్చుచున్నవన్నమాట.

అందరికిని ఇట్లు జరుగదు. ఇంగ్లండు దేశపు గాయని వాష్టి బన్యన్ అను నామె యొకతె కలదు. 1970లో ఆమె మొదటి సంపుటము వచ్చినది, కొన్నవారు లేరు. ఆమె పాట మాని, పల్లెకు పోయి, పిల్లలను పెంచినది. 2000లో ఆ పాత సంపుటమును మరల ముద్రింపగా, అప్పటి యువకులు వెదకి వెదకి విన్నారు. రెండవ సంపుటము 2005లో వచ్చినది. అనగా మొదటిదానికి 35 సంవత్సరముల తరువాత! మా అటక లెక్కకన్న నాలుగేండ్లెక్కువ. ఈమెను గూర్చి విన్న రాత్రి మాకు నిదుర పట్టలేదు. మన స్త్రీల పాటలలో ఊర్మిళాదేవి నిద్ర కలదు గదా. పదునాలుగేండ్లు నిదురించి లేచినదట. లేచినపుడు భర్త ఎదుట నుండెను, మంచము సిద్ధముగా నుండెను. మరి పాట నిదురపోయిన స్త్రీని ఎవరు లేపుదురు?

మా అత్తగారు కౌసల్యాదేవి పురిటినొప్పుల పాట పాడెడివారు. నొప్పులు పడుచున్న స్త్రీ మాటలే ఆ పాట. దానిని కట్టినది ఏ తల్లియో, ఏ రాత్రి ఏ బిడ్డ ప్రక్కలో నుండగా కట్టినదో, పేరైనను మిగులలేదు. మనకును ఇట్టి పాటలు లేకపోలేదు. కట్టినవారికి తీరిక ఎక్కడ దొరకినదో మాత్రము తెలియదు.

ఇక మేము గుర్తుంచుకొనుడని చెప్పిన మాటకు వత్తుము. బిడ్డ పుట్టుటచేతనే డిఫ్రాంకో పాట పండినదని చెప్పుట తేలిక. వినుటకు బాగుగనే యుండును. అట్లైన మా ఫిడేలేల పండలేదు? ఆమె తన పాటకు తానే యజమానురాలు గనుక, ఈ యేడు సంపుటము రానిచో జవాబు చెప్పుకొనవలసిన దొర లేడు. మెల్లగా చేయుటకు ఆమెకు హక్కున్నది. బిడ్డను చంకనెత్తుకొనియే ఊరూర కచేరీలకు తిరిగినది. ఇంటి మగవాడు ఆమె పాటపనిలోనే చేయి కలిపినాడు. ఇవన్నియు సమకూడినపుడు, బిడ్డ తెచ్చిన నెమ్మది పాటలోనికి దిగినది. సమకూడనిచో ఆ నెమ్మది చాకిరిలోనికి దిగును. ఇంకొకటియు చెప్పవలెను. పాడనినాడు పైకము లేదు, స్వంత వ్యాపారమన్న అంతే. ఆమె మార్గము పూలబాట యని మేమనము.

మరునాడు మధ్యాహ్నము మూడు గంటలకు మేము బీరువామీది గుడ్డల మూట తీసి, గిటారు దింపి, ఆ అమ్మాయి చేతికిచ్చి, "నాలుగింటిదాకా పిల్ల నా దగ్గరుంటుంది. నువ్వు గదిలోకి పోయి తలుపు వేసుకో" అని చెప్పితిమి. ఏమి మొగమాటము! "అయ్యో, మీకు నడుము నొప్పి కదండీ, పడుకోండి" అన్నది. నడుమునొప్పి మాకు రాత్రి గూడ నుండును గదా యంటిమి.

మొదటి దినమున గదిలోనుండి చప్పుడు రాలేదు. నాలుగు గంటలకు తలుపు తట్టగా, ఆ అమ్మాయి గిటారు ప్రక్కన నిదురపోవుచున్నది. రెండవ దినమును నిద్రయే. మూడవ దినమును నిద్రయే. ఐదు నెలల నిద్ర బాకీ ముందు తీరవలెనని మేమును ఊరకుంటిమి. నాలుగవ దినమున తీగెలు శ్రుతి చేయుచున్న ధ్వని వచ్చెను. మా ఒడిలోని చిన్నది ఆ చప్పుడు వైపు తల త్రిప్పినది.

మేము ఉగాదికి మా ఊరు చేరవలెను. అటు తరువాత ఆ గంట యేమగునను దిగులు మాకు లేకపోలేదు. మా అబ్బాయి మంచివాడే. మంచివాడగుట వేరు, ఎనిమిదింటికి ఇంట నుండుట వేరు. వానిని కూర్చుండబెట్టి బిడ్డకు స్నానము చేయించుట, గుడ్డలు మార్చుట, భుజముమీద వేసికొని త్రేన్పు తెప్పించుట నేర్పితిమి. తొలినాడు వాని చేతులు వణకినవి. "అమ్మా, జారిపోతుందేమో!" అని పదిసారులన్నాడు. 31 సంవత్సరముల క్రిందట వాని తండ్రికి మేమీ పాఠము చెప్పియుండవలసినది. చెప్పవచ్చునని కూడ మాకు తోచలేదు. రాత్రి ఎనిమిది మొదలు తొమ్మిదివరకు బిడ్డ తండ్రియొద్ద నుండవలెనని ఏర్పాటు జరిగినది. కచేరి పని యున్న దినములలో తప్పుచున్నాడట. వారములో నాలుగు దినములు నిలుచుచున్నదని కోడలు చెప్పినది.

మొన్న ఆదివారమున ఫోనులో రెండు చరణములు వినిపించినది. పూర్వము ఆ అమ్మాయి పాటలు పరుగెత్తెడివి, ఇది నడచుచున్నది. పాలచుక్క ఆరిన రవికె మీద, తెల్లవారుజామున పాలవాని సైకిలు గంట మీద పాట. వెనుక మనుమరాలి కేక వినవచ్చుచుండెను. మూడవ చరణము ఇంకను కుదరలేదట. తొందరయేల యంటిమి.

ఫోను పెట్టిన తరువాత పనివానిని పిలిచి అటకమీది పెట్టె దింపించితిమి. తీగెలు మా ఊరి బజారులోనే దొరకినవి. కమానుకు క్రొత్త వెండ్రుకలు వేయువారు మాత్రమిచ్చట లేరు. మరియొక ఊరికి పంపవలసి వచ్చినది, వచ్చుటకు పది దినములు పట్టునట. వ్రేళ్ళు వర్ణమునకు లొంగునో, సరళీస్వరములతోనే మరల మొదలుపెట్టవలెనో, అప్పుడు గాని తెలియదు.